మనవాళ్ళు పంపారు గనుక నిజమేనా?

ఈ వారం పాఠాన్ని నా తప్పుతోనే మొదలుపెట్టవలసి వస్తోంది.

2018 మే నెలలో ఒక రాత్రి, అందరూ భోజనాలు ముగించి పడుకోబోయే వేళ, మా బావగారు కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పంపారు. సందులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు. మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి, వారిలో ఒక పసివాణ్ణి చటుక్కున ఎత్తుకొని పారిపోతారు. దాని వెంబడే తెలుగులో ఒక మగగొంతు: పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మన జిల్లాలోకి దిగిందనీ, తలుపులు గడియ వేసుకొని పడుకోవాలనీ, ఈ కబురు ప్రతి తల్లిదండ్రులకూ చేరవేయాలనీ. బావగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన అబద్ధమాడగా నేను ఎరుగను. మారు ఆలోచన లేకుండా ఆ వీడియోను మా గుడి గాయక బృందం గ్రూపుకు పంపాను, మా వీధివాళ్ళ గ్రూపుకూ పంపాను. పైగా, "నిజమో కాదో తెలియదు గాని, జాగ్రత్తగా ఉండటం మంచిది" అని ఒక మాట చేర్చాను. ఆ మాట చేర్చినందువల్ల ఏదో బాధ్యతగా నడుచుకున్నానని నాకు నేనే అనుకున్నాను.

మూడవ రోజున మా వీధిలోకి బూరలు, ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముకునే ఒకతను వచ్చాడు. తెలుగు సరిగా రానివాడు. చుట్టూ పిల్లలు మూగారు. బూరలవాడి చుట్టూ పిల్లలు మూగకపోతే ఎవరు మూగుతారు? పది నిమిషాల్లో పెద్దవాళ్ళు కూడా మూగారు. సంచి లాక్కున్నారు, ఆధార్ కార్డు అడిగారు, ఎవరో చెంప మీద కొట్టారు. అదృష్టవశాత్తు మా ఉపదేశి గారు అటుగా వస్తూ ఆ మనిషిని గుర్తుపట్టారు. "ఏటా మన గుడి పండుగకు బయట బూరలు అమ్మేది ఇతనే గదా! మీ పిల్లలకు కొనిచ్చింది మీరే గదా!" అన్నారు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. నేను పని నుండి ఇంటికి వచ్చేసరికి అంతా అయిపోయింది. చెంపదెబ్బ నేను కొట్టలేదు, నిజమే. కాని ఆ చేతికి ధైర్యమిచ్చిన వీడియో మా వీధిలోకి నా ఫోను నుండే వచ్చింది.

ఆ వీడియో ఎక్కడిది?

అది మన జిల్లాది కాదు, మన దేశానిదే కాదు. పాకిస్తానులోని కరాచీ నగరంలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ, తల్లిదండ్రులను మేల్కొలపడానికి 2016లో తీయించిన చిన్న ప్రచార చిత్రమది. అందులో ఉన్నవారు నటులు. అసలు చిత్రంలో ఆ మోటారు సైకిలు వెంటనే వెనక్కి తిరిగివచ్చి పిల్లవాణ్ణి దింపేస్తుంది. కరాచీ వీధుల్లో ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలునని రాసిన అట్టను వాళ్ళు మనకు చూపిస్తారు. ఎవరో ఈ చివరి భాగాన్ని కత్తిరించేశారు. హెచ్చరిక కాస్తా నేరంగా మారిపోయింది.

ఆ రోజుల్లోనే వరుసగా పడుకోబెట్టిన చిన్నపిల్లల శవాల చిత్రమొకటి కూడా తిరిగింది. అవయవాల కోసం చంపిన పిల్లలని చెప్పి పంపారు. అది 2013 ఆగస్టులో సిరియా దేశంలోని గూటా ప్రాంతంలో విషవాయువు దాడికి బలైన పిల్లల చిత్రం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రెండింటిలోనూ బొమ్మను ఎవరూ కొత్తగా సృష్టించలేదు. బొమ్మకు అతికించిన మాటే అబద్ధం. ఆ మాట కూడా ఊరూరికీ వేషం మార్చుకుంటూ వచ్చింది. మహారాష్ట్రలో మరాఠీ, కర్ణాటకలో కన్నడం, మన దగ్గర తెలుగు. ముఠా మాత్రం ఎప్పుడూ వినేవాడి పక్క ఊళ్ళోనే దిగి ఉంటుంది!

ఆదికాండములో సర్పం మాట్లాడిన తీరును గుర్తుచేసుకోండి. దేవుడు వద్దన్నది ఒక్క చెట్టునే. ఏ చెట్టు పండునూ తినవద్దన్నాడటగదా అన్నట్టు సర్పం సంభాషణ మొదలుపెట్టింది. కొంత నిజం, దానికి కాస్త వంకర. జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2018 జనవరి 24న, పునీత ఫ్రాన్సిస్ సలేసువారి పండుగనాడు, ప్రపంచ సమాచార సాధనాల దినోత్సవం కోసం విడుదల చేసిన సందేశంలో అబద్ధపు వార్తలనే అంశంగా తీసుకొని, ఈ సర్పం ఎత్తుగడనే మన ముందుంచారు. ఆ దినోత్సవాన్ని శ్రీసభ పాటించింది మే 13న. మా విచారణ గురువులు ఆ ఆదివారం పూజలో దీని గురించి ప్రసంగించారు కూడా. వాట్సాప్‌లో ఆ వీడియో వచ్చింది దాని తరువాత కొద్ది రోజులకే. విన్న ప్రసంగానికీ చేతిలోని ఫోనుకూ ఏదో సంబంధం ఉందని నాకు తట్టనే లేదు.

అది ఎంతవరకు పోయింది?

మా వీధిలో చెంపదెబ్బతో ఆగింది. అన్నిచోట్లా అలా ఆగలేదు. ఆ మే నెల 26న హైదరాబాదు చాంద్రాయణగుట్ట ప్రాంతంలో, భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని పిల్లల దొంగ అనుకొని కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో, వారపు సంతకు భిక్ష కోసం వచ్చిన సంచార జాతివారు ఐదుగురిని, వారిలో ఒకతను ఒక చిన్నపిల్లతో మాట్లాడబోయాడన్న కారణాన, పంచాయితీ కార్యాలయంలో వేసి కొట్టి చంపారు. జూలై 13న కర్ణాటక బీదరు జిల్లాలో జరిగినది మనకు మరీ దగ్గరిది. హైదరాబాదు నుండి వెళ్ళిన మిత్రులు కొందరు దారిలో ఒకచోట ఆగి బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. వారి చిత్రాలు వాట్సాప్‌లో ముందుగానే తరువాతి ఊరికి చేరిపోయాయి. ముర్కి గ్రామం దగ్గర దారికి అడ్డంకులు పెట్టి వారిని ఆపారు. ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయింది. ఆ గుంపు నుండి కాపాడబోయిన పోలీసులకు కూడా దెబ్బలు తగిలాయి. పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు!

ఆ ఒక్క సంవత్సరంలో ఇటువంటి పుకార్ల వల్ల దేశంలో ఇరవైమందికి పైగా చనిపోయారు. వీరిలో అధికులు పరాయి భాషవారు, భిక్షగాళ్ళు, సంచార జాతులవారు, మతిస్థిమితం లేనివారు. అనగా ఆ ఊళ్ళో తమకు సాక్ష్యం పలికే మనిషి ఒక్కడూ లేనివారు.

మనం ఎందుకు నమ్ముతాం?

చదువు లేనందువల్ల అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మా బావగారు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవారు. నేనూ ఏదో నాలుగు అక్షరాలు చదివినవాణ్ణే. మేమిద్దరం బొమ్మను చూసి నమ్మలేదు, పంపిన మనిషిని చూసి నమ్మాం. పెద్దలు పంపారు, సిస్టరుగారు పంపారు, గల్ఫులో ఉన్న తమ్ముడు పంపాడు అన్న ఆ నమ్మకమే అబద్ధానికి వాహనం. పంపినవారు మోసగాళ్ళు కారు, ప్రేమ వల్లనే పంపారు. కాని ప్రేమించేవాడు వేరు, ఆ సంగతి ఎరిగినవాడు వేరు. బావగారు ఆ ముఠాను చూడలేదు, ఆయనకు పంపినవారూ చూడలేదు. వెనక్కి పోయేకొద్దీ చూసినవాడెవడూ దొరకడు.

అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2006 నుండి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి, 2018 మార్చిలో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. వాటిని పంచుకున్నవారు సుమారు 30 లక్షల మంది. 1,500 మందిని చేరడానికి అబద్ధం కంటే నిజానికి ఆరు రెట్ల సమయం పట్టింది. అబద్ధాన్ని జనం మరొకరికి పంపే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. యంత్రాలు నడిపే దొంగ ఖాతాలే ఇందుకు కారణమేమోనని వాటిని తీసివేసి లెక్కించినా ఫలితం మారలేదట. వ్యాపింపజేసింది మనుషులే. అబద్ధంలో కొత్తదనం ఉంటుంది, ఆశ్చర్యం ఉంటుంది, అసహ్యం పుట్టించే గుణం ఉంటుంది. "నిన్న మన ఊళ్ళో ఎవరినీ ఎవరూ ఎత్తుకుపోలేదు" అన్న నిజాన్ని ఎవరు ఎవరికి పంపుతారు?

ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధసాక్ష్యం పలకవద్దంటుందని మన పిల్లలకు కూడా తెలుసు. నేను అబద్ధం పుట్టించలేదు గదా, వచ్చినదాన్ని పంపాను గదా అనుకుంటాం. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2477వ సంఖ్యను ఒకసారి తెరచి చూడండి. అక్కడ అపనింద కంటే ముందు తొందరపాటు తీర్పు అనే దోషం చెప్పబడింది. తగిన ఆధారం లేకుండా పొరుగువాని తప్పును నిజమని లోలోపల ఒప్పుకోవడం కూడా ఆ దోషమే. నోరు విప్పనక్కరలేదు, బొటనవేలు కదపనక్కరలేదు. ఇక "నిజమో కాదో తెలియదు గాని" అని రాసిన నా మాటకు తప్పించుకునే దారి ఎక్కడ? నాకు తెలియదని నేనే సంతకం చేసి మరీ పంపాను.

గద్వాలలో చేసిన పని

ఇదే పుకారు, ఇవే వీడియోలు అదే వేసవిలో తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు కూడా వచ్చాయి. అక్కడ ప్రాణనష్టం జరగలేదు. ఆ రెండు జిల్లాలకు అప్పుడు ఎస్పీగా ఉన్నవారు రెమా రాజేశ్వరి గారు. ఆమె చేసిన పనిని కాస్త నిదానంగా చూద్దాం.

ఆమె ముందుగానే ఒక ఏర్పాటు చేశారు. తన కింద ఉన్న సుమారు 400 గ్రామాల్లో ఒక్కొక్క ఊరికి ఒక పోలీసును అప్పగించారు. అతను తరచుగా ఆ ఊరికి వెళ్ళాలి, జనంతో కూర్చోవాలి, మంచిచెడ్డలు తెలుసుకోవాలి. ఇది పుకార్ల కోసం పెట్టిన ఏర్పాటు కాదు, మామూలు పరిచయం కోసం పెట్టినది. ఎండాకాలంలో పల్లెజనం ఆరుబయట మంచాలు వేసుకొని పడుకోవడం మనకు తెలిసిందే. ఆ వేసవిలో చీకటి పడకముందే జనం ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకుంటున్నారని ఊళ్ళకు వెళ్ళిన పోలీసులు గమనించారు. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి చూపించారు. ఎవరూ స్టేషనుకు వచ్చి ఫిర్యాదు చేయలేదు. ఊరిని ఎరిగినవాడు గనుక వాకిట్లో మంచం లేదన్న సంగతి అతని కంటపడింది.

ఆ తరువాత పోలీసులు ఇంటింటికీ వెళ్ళి ఆ వీడియోలు మన ప్రాంతానివి కావని చెప్పారు. డప్పు కొట్టించారు, పాటలు కట్టి పాడించారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ సభ్యులుగా చేరి, అనుమానం వచ్చిన కబురును ముందు తమకు పంపమన్నారు. కొత్త మనిషి కనబడితే చెయ్యి చేసుకోకుండా తమకు ఫోను చేయమని నంబర్లు ఇచ్చారు. నా ఉద్దేశంలో ఇందులో పాటకంటే, డప్పుకంటే ముఖ్యమైనది ఆ చెప్పిన మనిషి ముఖం. భయం ఎరిగినవాళ్ళ ద్వారా వచ్చింది గనుక, ధైర్యం కూడా ఎరిగినవాడి ద్వారానే రావలసి వచ్చింది.

ఇది నా ఊహ మాత్రమే అనుకుంటే, త్రిపురలో జరిగిన ఒక సంఘటన చూడండి. 2018 జూన్ చివరలో అక్కడి ప్రభుత్వం ఇవే పుకార్లను ఖండించడానికి ఒక మనిషిని నియమించి, వాహనంలో మైకు పెట్టి ఊళ్ళకు పంపింది. చెప్పడానికి వెళ్ళిన ఆ మనిషినే పిల్లల దొంగ అనుకొని జనం కొట్టి చంపారు. అతను చెప్పింది అక్షరాలా నిజం. కాని ఆ ఊరికి అతనెవరో తెలియదు.

ఫ్రాన్సిస్ పోపుగారు కూడా ఆ సందేశంలో అబద్ధానికి మేలైన విరుగుడు ఎత్తుగడలు కావు, మనుషులే అన్న అర్థంలో చెప్పారు. వినడానికి ఓపిక ఉన్న మనుషులని. చదివినప్పుడు అదేదో మామూలు మాటలా అనిపించింది. గద్వాల, త్రిపుర సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే గాని దాని బరువు తెలియలేదు.

కంపెనీలూ, కోర్టులూ చేసినవి

ఇవీ లేకపోలేదు. 2018 జూలై 17న సుప్రీంకోర్టు మూకదాడుల విషయంలో ప్రతి జిల్లాకూ బాధ్యుడైన ఒక పోలీసు అధికారిని నియమించమని ఆదేశించింది. అదే నెలలో వాట్సాప్ కంపెనీ మనదేశంలో ఒక కబురును ఒకసారికి ఐదుకు మించి పంపకుండా కట్టడి చేసింది. మనం పంపుకునే కబుర్లు తాళం వేసిన పెట్టెలాంటివి, కంపెనీవారు కూడా లోపల చూడలేరు. అందుచేత వారు చేయగలిగింది వేగాన్ని తగ్గించడమే. 2020 ఏప్రిల్‌లో, చాలా చేతులు మారిన కబురును ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేలా మార్చారు. అటువంటి కబుర్ల రాకపోకలు 70 శాతం తగ్గాయని వారే చెప్పారు. దానికి జంట బాణాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనబడితే, ఇది పంపినవారి సొంత మాట కాదు, ఎన్నో చేతులు మారి వచ్చినదని అర్థం. ఇంట్లో పెద్దలకు ఈ ఒక్క గుర్తును చూపించి చెప్పండి.

వార్తల నిజానిజాలు తేల్చే సంస్థలూ ఉన్నాయి. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ తెలుగులో కూడా రాస్తుంది. కేంద్ర ప్రభుత్వ పథకాల పేరిట వచ్చే కబుర్లను పి.ఐ.బి. వారి విభాగం 2019 నుండి పరిశీలిస్తోంది. వీటికి ఒక ఇబ్బంది ఉంది, వీళ్ళు తేల్చేసరికి పుకారు తన పని ముగించుకొని ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారుతో కోళ్ళరైతులు నష్టపోతుంటే, 28వ తేదీన హైదరాబాదులో మంత్రులు వేదిక మీద అందరి ఎదుటా కోడికూర తిని చూపించారు. నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు గాని, అది కూడా ముఖం చూపించి చెప్పడమే. రైతు నష్టం మాత్రం వెనక్కి రాలేదు.

ఇప్పుడు మరొక చిక్కు వచ్చింది. 2023 మార్చిలో ఫ్రాన్సిస్ పోపుగారు తెల్లని, దూదిపరుపులాంటి పెద్ద చలికోటు తొడుక్కొని నడుస్తున్న చిత్రం లోకమంతా తిరిగింది. అది కృత్రిమ మేధ గీసిన బొమ్మ. మన గాయక బృందంలో కూడా "పోపుగారికి ఇంత ఖరీదైన కోటా?" అని నొచ్చుకున్నవారున్నారు. తరువాతి సంవత్సరం సందేశంలో తాను కూడా ఇటువంటివాటికి గురైనట్టు ఆయనే చెప్పుకున్నారు. ఆయన 2025 ఏప్రిల్ 21న పరమపదించారు. మే 8న ఎన్నికైన పద్నాలుగవ లియో పోపుగారి ముఖంతో, గొంతుతో ఆయన పలకని మాటలు పలికించే వీడియోలు ఆ నెలలోనే బయలుదేరాయి. కరాచీ వీడియోకు కత్తెర వేసినవాడికి కనీసం ఒక అసలు వీడియో అవసరమైంది. ఇప్పుడు అదీ అక్కరలేదు. కాబట్టి బొమ్మను భూతద్దం పెట్టి చూడటం కంటే, "దీన్ని స్వయంగా చూసినవారెవరు? పోపుగారు ఈ మాట ఎక్కడ, ఏ రోజున అన్నారు?" అని అడగడం మేలు. జవాబు దొరికేదాకా ఫోను పక్కన పెట్టవచ్చు. అంతలో కొంపలేమీ మునిగిపోవు.

ఇంట్లో ఎలా చెప్పాలి?

అన్నిటికంటే కష్టమైనది ఇదే. పదిమందీ ఉన్న గ్రూపులో "ఇది అబద్ధం" అని పెద్దవారి మాట కింద రాస్తే వారికి అవమానం. వారు దిద్దుకోరు, ఇంకా గట్టిగా పట్టుకుంటారు. పిల్లలైతే నవ్వి ఊరుకుంటారు. ఎవరూ ఏమీ అనకపోతే ఆ అబద్ధం అక్కడే కూర్చుంటుంది.

నేను బావగారికి విడిగా ఫోను చేశాను. బూరలతని సంగతే ముందు చెప్పాను, వీడియో సంగతి తరువాత చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"నా పాత శిష్యుడు పంపాడోయ్. కలెక్టరాఫీసులో పని చేస్తాడు. వాడు అబద్ధమెందుకు పంపుతాడనుకున్నాను," అన్నారు.

"నేనూ మీ గురించి అలాగే అనుకున్నాను బావగారూ."

"మరి నువ్వెంతమందికి పంపావు?"

లెక్క చూసుకుంటే రెండు గ్రూపుల్లో కలిపి ఎనభై నాలుగు మంది. వారు ఎందరికి పంపారో నాకు తెలియదు. ఆ రాత్రే బావగారు కుటుంబ గ్రూపులో తన పేరుతోనే రాశారు: తాను పంపినది కరాచీ ప్రకటన చిత్రమనీ, విచారించకుండా పంపడం తన పొరపాటనీ, దాన్ని ఎవరెవరికి పంపారో వారందరికీ ఈ మాట కూడా చేర్చమనీ. అది చూసి నేనూ నా రెండు గ్రూపుల్లో రాశాను. ఎనభై నాలుగు మందిలో జవాబిచ్చినవారు ఆరుగురు. ఉపదేశి గారు మాత్రం ఇంటికే వచ్చి, ఆ బూరలతని ఊరు ఎక్కడో ఎవరికైనా తెలుసునేమో అడిగి చూద్దామన్నారు. గుడి బయట కొట్లవాళ్ళను అడిగాం. ఎవరికీ తెలియదు.

ఆ సంవత్సరం గుడి పండుగకు అతను రాలేదు. మరుసటి సంవత్సరమూ రాలేదు.